కాలేజీలో ఆగాలా, ఎన్‌బీఏకు వెళ్లాలా: ఆటగాళ్ల పన్ను లెక్కలు చూసేవాడి జవాబు

మీరు అడిగినదాన్ని ముందు నాలుగు మాటల్లో చెప్పుకుందాం. ఇండియానాలో మీ పెద్దబ్బాయి చదివే విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ జట్టులో రెండో ఏడాది కుర్రాడు ఒకడు ఈ సీజనంతా దుమ్ము రేపాడు. అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలో జట్లు ఏటా వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 25 నుంచి 45 స్థానాల మధ్య ఎక్కడైనా ఎంపిక కావచ్చని అంచనాలు వస్తున్నాయి. ‘ఇంకా రెండేళ్ల చదువు ఉండగా వెళ్లిపోవడమేమిటి’ అని మీరు, ‘ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు’ అని మీ అబ్బాయి. భోజనాల దగ్గర రోజూ ఇదే పంచాయితీ. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మీ శ్రీమతిగారు అన్నారట. నిజమే కానీ, మీ రెండో ప్రశ్న మీ చిన్నబ్బాయి గురించి కాబట్టి ఈ దురద మీకు కొంత అవసరమే. దాని సంగతి చివర్లో చెబుతాను.

నేను కోచ్‌ను కాను. పన్ను రిటర్నులు చూసే వృత్తి నాది. నా దగ్గరికి వచ్చేవారిలో ఎన్‌బీఏకు కింది మెట్టైన జీ లీగ్‌లో ఆడేవాళ్లు, ఐరోపా జట్లలో ఆడి వచ్చినవాళ్లు, ఈమధ్య కాలేజీ ఆటగాళ్లు కూడా ఉన్నారు. కాబట్టి ఎవరి షాటు ఎంత బాగుంటుందో నన్ను అడగకండి. ఆ షాటుకు వచ్చే డబ్బు ఎప్పుడు వస్తుందో, అందులో చేతికి ఎంత మిగులుతుందో, ఏ కాగితం మీద సంతకం చేస్తే అది ఆగిపోతుందో అడగండి.

నా జవాబు ఇది. ‘25 నుంచి 45 మధ్య’ అనే మాటను ఒకే అంచనాగా చూడకూడదు. 30వ స్థానం దగ్గర ఒక గోడ ఉంది. దానికి అటువైపు ఒక ఉద్యోగం, ఇటువైపు ఇంకో ఉద్యోగం. ఆ గోడకు బాగా పైన, మొదటి 20 మందిలో తీసుకుంటామని నమ్మదగిన జట్టు ఏదైనా చెబితే ఆ కుర్రాడు మారు మాట్లాడకుండా వెళ్లాలి. అంతకు దిగువన అయితే, ఈ రోజున్న పరిస్థితుల్లో, ఇంకో ఏడాది ఆగాలి. ఇదే ప్రశ్న 2019లో అడిగి ఉంటే నేను వేరే జవాబు చెప్పేవాణ్ని. ఎందుకో చెబుతాను.

డ్రాఫ్ట్‌లో రెండు రౌండ్లు. 30 జట్లు, మామూలుగా 60 స్థానాలు. మొదటి రౌండులో ఎంపికైనవాడి జీతం ముందే అచ్చయిన పట్టిక ప్రకారం ఉంటుంది. మొదటి రెండేళ్ల జీతానికి పూర్తి హామీ. మూడో ఏడు, నాలుగో ఏడు జట్టు ఇష్టం. 2025లో మొదటి స్థానంలో డాలస్ తీసుకున్న డ్యూక్ విశ్వవిద్యాలయం కుర్రాడు కూపర్ ఫ్లాగ్‌కు మొదటి ఏడాది జీతం కోటీ 30 లక్షల డాలర్లకు పైనే. అదే రౌండులో చిట్టచివరివాడికి ఏడాదికి సుమారు 25 లక్షల డాలర్లు. వాడు ఒక్క ఆట ఆడకపోయినా, మొదటి వారమే మోకాలు విరిగినా రెండేళ్ల డబ్బు వస్తుంది. 31వ స్థానం నుంచి ఈ హామీ పట్టిక లేదు. ఏజెంటు ఎంత బేరమాడగలిగితే అంత. కొందరికి హామీ కాంట్రాక్టు దొరుకుతుంది. చాలామందికి దొరికేది టూ-వే కాంట్రాక్టు. అంటే సీజనులో ఎక్కువ భాగం జీ లీగ్‌లో, గరిష్ఠంగా 50 ఆటలు ఎన్‌బీఏ జట్టుతో. జీతం కొత్త ఆటగాడి కనీస జీతంలో సగం, ప్రస్తుతం ఏడాదికి సుమారు 6 లక్షల డాలర్లు. అదీ దొరకకపోతే మామూలు జీ లీగ్ ఒప్పందం. సీజనుకు 40 వేల డాలర్ల పైచిలుకు. మన ఊళ్ల నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా చేరిన పిల్లలకు అంతకంటే ఎక్కువే ముడుతోంది.

ఆ 25 లక్షల డాలర్లు కూడా పేపర్లో చదివినంత లావుగా ఉండవు. కాంట్రాక్టుల గురించి మాట్లాడేవారు ఎక్కువగా వదిలేసే భాగం కాబట్టి దీన్ని కొంచెం విడమరిచి చెబుతాను. అందులో ఫెడరల్ పన్నుకే ఎనిమిది లక్షల 75 వేలు పోతాయి. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి ఇంకో 65 వేలు. ఏజెంటుకు నాలుగు శాతం వరకు, అంటే లక్ష. లీగ్ ఆదాయంలో ఆటగాళ్ల వాటా ఒప్పందాన్ని మించితే సర్దుబాటు చేసుకోవడానికి జీతంలో పది శాతం పక్కన పెడతారు. దాన్ని ఎస్క్రో అంటారు. ఏడాది చివర అందులో కొంతో గొంతో తిరిగి రావచ్చు. అప్పటిదాకా రెండున్నర లక్షలు కంటికి కనిపించవు. ఇక రాష్ట్రాల పన్నులు. ఏ రాష్ట్రంలో ఎన్ని పని దినాలు గడిపితే అన్ని దినాలకు ఆ రాష్ట్రం వాటా అడుగుతుంది. 1991 ఫైనల్స్‌లో మైకేల్ జోర్డాన్ ఆడే షికాగో జట్టు లాస్ ఏంజెలిస్‌లో గెలిచి వెళ్లాక కాలిఫోర్నియా వాళ్ల దగ్గర పన్ను వసూలు చేసింది. దానికి ప్రతీకారంగా షికాగో ఉన్న ఇల్లినాయి రాష్ట్రం ఇంకో చట్టం తెచ్చింది. ఆ ముచ్చట ఇప్పటికీ మా వృత్తిలో చెప్పుకుంటారు. ఫ్లోరిడాలోనో టెక్సాస్‌లోనో ఇల్లు ఉన్నవాడికి కాస్త నయం, అక్కడ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. మిగతావారికి లక్ష నుంచి లక్షన్నర వరకు పోతుంది. అన్నీ పోగా పదిన్నర, పదకొండు లక్షలు మిగులుతాయి. పంతొమ్మిది, ఇరవై ఏళ్ల కుర్రాడికి అది చిన్న మొత్తమని నేను అనడం లేదు. కానీ ‘జీవితాంతం కూర్చుని తినవచ్చు’ అని మీ అబ్బాయి అన్న మాట మాత్రం సరికాదు.

రెండో రౌండులో ఎంపికయ్యాడని టీవీలో పేరు పిలిస్తే ఇంటిల్లిపాదీ ఏడ్చి కౌగలించుకోవడం చూస్తుంటాం. ఇల్లు అలకగానే పండుగ కాదు. జట్టులో మామూలు కాంట్రాక్టులు పదిహేనే. వాటిలో ఇప్పటికే పన్నెండు, పదమూడు నిండి ఉంటాయి. రెండో రౌండు నుంచి వచ్చి వెలిగినవారు లేకపోలేదు. నికోలా యోకిచ్ 2014లో 41వ వాడు. డ్రేమండ్ గ్రీన్ 2012లో 35వ వాడు. జేలెన్ బ్రన్సన్ 2018లో 33వ వాడు. అయితే కాలేజీ నుంచి వచ్చిన ఆ ఇద్దరినీ చూడండి. గ్రీన్ మిషిగన్ స్టేట్‌లో నాలుగేళ్లు ఆడాడు. బ్రన్సన్ విలనోవాలో మూడేళ్లు ఆడి 2016లో, 2018లో జాతీయ టైటిళ్లు గెలిచాడు. దిగువ స్థానంలో వచ్చినవాడికి నేర్చుకోవడానికి వ్యవధి ఇవ్వరు. మొదటి వారం నుంచే పనికిరావాలి. పన్నెండో స్థానంలో వచ్చిన పంతొమ్మిదేళ్ల కుర్రాడు తప్పులు చేస్తే ‘నేర్చుకుంటున్నాడు’ అంటారు. నలభయ్యో స్థానంలో వచ్చినవాడు అదే తప్పు చేస్తే ఇంకొకడికి ఫోను చేస్తారు. కారణం ఆట కంటే ఎక్కువగా డబ్బే. హామీ ఇచ్చిన డబ్బును ఏ యజమానీ ఊరికే పారేసుకోడు.

ఇంకో చిత్రం ఏమిటంటే, రెండో రౌండు అడుగున ఎంపిక కావడం కంటే అసలు ఎంపిక కాకపోవడమే మేలైన సందర్భాలున్నాయి. ఎంపికైతే ఆ ఒక్క జట్టుతోనే బేరం. కాకపోతే నచ్చిన జట్టును వెతుక్కోవచ్చు. ఆస్టిన్ రీవ్స్ 2021లో ఏ జట్టు జాబితాలోనూ లేకుండా లాస్ ఏంజెలిస్ లేకర్స్ జట్టుతో టూ-వే ఒప్పందం చేసుకున్నాడు. సీజను మొదలయ్యేలోపే అది మామూలు కాంట్రాక్టు అయింది. అయితే అతను కూడా కాలేజీలో నాలుగేళ్లు ఆడి వచ్చినవాడే.

2019లో వేరే జవాబు చెప్పేవాణ్నని అన్నాను కదా. అప్పటికి కాలేజీ ఆటగాడికి చట్టబద్ధంగా వచ్చేది స్కాలర్‌షిప్, వసతి, భోజనం, చిల్లర ఖర్చులు. కోచ్‌కు ఏడాదికి లక్షల డాలర్లు, స్టేడియం నిండా జనం, టీవీ ఒప్పందాలు వందల కోట్లలో, ఆడేవాడికి మాత్రం ట్యూషన్ ఫీజు మాఫీ. ఆ లెక్కలో జీ లీగ్ జీతం కూడా లాభంగానే కనిపించేది. స్పెన్సర్ హేవుడ్ కేసులో 1971లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, హైస్కూలు తర్వాత నాలుగేళ్లు ఆగాలన్న పాత నిబంధన కూలిపోయింది. 1995లో కెవిన్ గార్నెట్, 1996లో కోబీ బ్రయంట్, 2003లో లెబ్రాన్ జేమ్స్ హైస్కూలు నుంచి నేరుగా వెళ్లారు. వాళ్ల పేర్లు అందరికీ గుర్తు. అలాగే వెళ్లి ఒకటి రెండేళ్లలో కనుమరుగైనవారి పేర్లు ఎవరూ చెప్పరు. 2006 డ్రాఫ్ట్ నుంచి 19 ఏళ్లు నిండే సంవత్సరం కావాలని, హైస్కూలు ముగిసి ఏడాది గడవాలని నిబంధన వచ్చింది. ఒక ఏడాది కాలేజీలో పేరు రాయించుకుని వెళ్లిపోయే అలవాటు అక్కడి నుంచి పుట్టిందే.

2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు కాలేజీ ఆటలను నడిపే సంఘం ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తొమ్మిది సున్నాతో తీర్పు చెప్పింది. జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపం మీద డబ్బు సంపాదించుకోవచ్చన్నారు. ఎన్‌ఐఎల్ అంటున్నది దీన్నే. 2025 జూన్ 6న ఇంకో దావాలో ఆమోదం పొందిన ఒప్పందంతో విశ్వవిద్యాలయాలే నేరుగా ఆటగాళ్లకు వాటా ఇవ్వడం మొదలైంది. మొదటి ఏడాది ఒక్కో విద్యాసంస్థకు, అన్ని ఆటలూ కలిపి, సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల పరిమితి పెట్టారు. పేరున్న జట్లలో మంచి ఆటగాడికి ఇప్పుడు ఏడాదికి పది లక్షల డాలర్లు, కొందరికి అంతకు ఎన్నో రెట్లు ఇస్తున్నారు. ఫలితం డ్రాఫ్ట్ జాబితాలోనే కనిపించింది. 2021లో కాలేజీ ఆట గడువు ముగియకముందే డ్రాఫ్ట్‌కు పేరిచ్చుకున్నవాళ్లు 350 దాటారు. 2025లో 106 మంది. ఎన్‌బీఏ స్వయంగా కుర్రాళ్ల కోసం 2020లో మొదలుపెట్టిన జీ లీగ్ ఇగ్నైట్ జట్టు 2024లో మూతపడింది. కాలేజీలోనే అంతకంటే ఎక్కువ ఇస్తుంటే అక్కడికి ఎవరు వెళతారు?

అంటే మీ అబ్బాయి అభిమాన ఆటగాడి ముందున్నది ‘డబ్బా, చదువా’ అన్న పాత సమస్య కానే కాదు. రెండు వైపులా డబ్బే ఉంది. కాలేజీ వైపు ఉన్న డబ్బు, రెండో రౌండు డబ్బు కంటే ఎక్కువ కూడా కావచ్చు.

ఆగి లాభపడ్డవారిలో నాకు బాగా నచ్చిన ఉదాహరణ మీ ఇండియానాదే. పర్డ్యూ విశ్వవిద్యాలయం ఆటగాడు జాక్ ఈడీ, టొరాంటో కుర్రాడు, ఏడడుగుల నాలుగంగుళాలు. 2023లో దేశంలోకెల్లా ఉత్తమ కాలేజీ ఆటగాడిగా ఎంపికయ్యాడు. అదే ఏడాది మార్చిలో అగ్రశ్రేణి సీడ్‌గా దిగిన పర్డ్యూ, అట్టడుగు పదహారో సీడ్ ఫేర్లీ డికిన్సన్ చేతిలో మొదటి రౌండులోనే ఓడింది. టోర్నమెంటు చరిత్రలో అలా జరగడం పురుషుల్లో అది రెండోసారి మాత్రమే. ఈడీ డ్రాఫ్ట్‌కు పేరిచ్చి, జట్ల ముందు సాధన చేసి చూపించి, వాళ్లేమంటున్నారో విన్నాడు. ఇంత పొడుగు, ఇంత నెమ్మది మనిషికి ఈ కాలపు ఎన్‌బీఏలో చోటు లేదని చాలామంది అన్నారు. గడువులోగా పేరు వెనక్కి తీసుకుని తిరిగి వచ్చాడు. కెనడా పౌరుడు కావడంతో, విద్యార్థి వీసా వల్ల అమెరికాలో ప్రచార ఒప్పందాలు చేసుకోవడం కూడా అతనికి సులువు కాలేదు. అయినా ఆగాడు. 2024లో జట్టును ఫైనల్ దాకా తీసుకెళ్లి, కనెక్టికట్ విశ్వవిద్యాలయం (యూకాన్) చేతిలో ఓడినా ఒక్కడే 37 పాయింట్లు చేశాడు. రాల్ఫ్ శాంప్సన్ తర్వాత వరుసగా రెండేళ్లు జాతీయ ఉత్తమ ఆటగాడైన మొదటివాడు. ఆ జూన్‌లో మెంఫిస్ అతన్ని తొమ్మిదో స్థానంలో తీసుకుంది.

ఇది చదివి ‘చూశావా, ఆగితే మంచిది’ అని మీ అబ్బాయితో అనకండి. ఆగి ఏమీ పెరగనివారి జాబితా ఇంకా పొడుగు. కెంటకీ ఆటగాడు ఆస్కర్ షీబ్వే 2022లో జాతీయ ఉత్తమ ఆటగాడు. ఇంకో ఏడాది ఉన్నాడు. 2023లో ఏ జట్టూ అతని పేరు పిలవలేదు. గొన్‌జాగాలో డ్రూ టిమీ, నార్త్ కరొలైనాలో ఐదేళ్లు ఆడిన ఆర్మాండో బేకాట్‌ది కూడా అదే దారి. ఒహాయో స్టేట్ ఆటగాడు జేరెడ్ సలింజర్‌ను 2011లో వెళితే పైవరుసలోనే తీసుకునేవారు. ఆగాడు. 2012కల్లా వైద్యుల నివేదికల్లో వెన్ను సమస్య బయటపడి 21వ స్థానానికి జారాడు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న మాట అతని విషయంలో అక్షరాలా నిజమైంది.

గాయమే పెద్ద ప్రమాదమని అందరూ అంటారు. నా అనుభవంలో అది రెండో ప్రమాదం. కెన్యన్ మార్టిన్ 2000 మార్చిలో కాలు విరగ్గొట్టుకుని కూడా జూన్‌లో మొదటి స్థానంలో ఎంపికయ్యాడు. అసలు ప్రమాదం చూపులది. కొత్త కుర్రాడిలో జట్లు చూసేది అతను ఏం కాగలడన్నది. రెండో ఏడు, మూడో ఏడు వచ్చేసరికి ఏం చేయలేడో వెతకడం మొదలుపెడతారు. పెళ్లి సంబంధాలు చూసే పెద్దల్లాగా, వయసు పెరిగేకొద్దీ ప్రశ్నలు పెరుగుతాయి.

అందుకే ఆగడానికి ఒక షరతు ఉంది. తిరిగి వచ్చి ఏం నేర్చుకుంటాడో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. 2008లో స్టెఫ్ కరీ డేవిడ్‌సన్ అనే చిన్న కాలేజీని ఎలీట్ ఎయిట్, అంటే చివరి ఎనిమిది జట్ల దాకా తీసుకెళ్లాడు. కాన్సాస్ చేతిలో రెండే పాయింట్ల తేడాతో ఓడారు. దేశమంతా అతని పేరే. అప్పుడే వెళ్లిపోవచ్చు. కానీ అతను అప్పటిదాకా బంతి అందుకుని షాటు కొట్టే స్థానంలో ఆడాడు. ఆరడుగుల మూడంగుళాల మనిషి ఎన్‌బీఏలో బతకాలంటే బంతిని నడిపించే పాయింట్ గార్డ్ పని రావాలి. ఆ పని నేర్చుకోవడానికే మూడో ఏడాది ఆగి, 2009లో ఏడో స్థానంలో గోల్డెన్ స్టేట్ జట్టుకు వెళ్లాడు. మీరు అడిగిన కుర్రాడికి అలాంటి వాక్యం ఉందా? ‘మూడు పాయింట్ల గీత బయటి నుంచి నిలకడ రావాలి’, ‘బరువు పెరిగి పెద్దవాళ్లను ఆపగలగాలి’ లాంటిది ఏదైనా. ‘ఇంకో ఏడాది సరదాగా ఉంటుంది’ అన్నదే కారణమైతే ఆ సరదా ఖరీదు ఎంతో చెప్పాలి.

ఆ ఖరీదు మొదటి కాంట్రాక్టులో కనిపించదు. ఎన్‌బీఏలో పెద్ద డబ్బు రెండో కాంట్రాక్టులో, మూడో కాంట్రాక్టులో ఉంటుంది. మొదటి రౌండు ఆటగాడు నాలుగేళ్లు పట్టిక జీతం మీద ఉంటాడు. ఆ తర్వాత అసలు బేరం మొదలవుతుంది. 2025-26లో ఒక్కో జట్టు జీతాల పరిమితి సుమారు 15 కోట్ల 46 లక్షల డాలర్లు. నాలుగేళ్లు పూర్తిచేసిన మేటి ఆటగాడు అందులో పావు వంతు దాకా అడగవచ్చు. పంతొమ్మిదికి వెళ్లినవాడు ఇరవై మూడుకు ఆ బల్ల దగ్గర కూర్చుంటాడు. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదికి, కాళ్లలో బలం తగ్గకముందే, మూడో కాంట్రాక్టుకు కూర్చుంటాడు. ఇరవై రెండుకు వెళ్లినవాడికి ఆ మూడో కాంట్రాక్టు ముప్పై దాటాక వస్తుంది. అప్పటికి జట్లు నాలుగేళ్ల కాంట్రాక్టు అంటే రెండేళ్లంటాయి. అందుకని మొదటి 20 మందిలో ఉంటానన్న నమ్మకం ఉన్నవాడికి ఒక్క ఏడాది కూడా ఆలస్యం చేయవద్దని చెబుతాను. కాలేజీలో ఎన్‌ఐఎల్ ఎంత ఇచ్చినా, పోయిన ఆ ఏడాది కెరీర్ చివర నుంచి పోతుంది. అది అన్నిటికంటే ఖరీదైన ఏడాది.

ఇంటి పరిస్థితి కూడా చూడాలి. 2006లో ఫ్లోరిడా జట్టు టైటిల్ గెలిచాక జోకిమ్ నోవా మొదటి స్థానానికే పోటీదారు. అయినా సహచరులతో కలిసి ఆగాడు. 2007లో మళ్లీ గెలిచారు. అతను తొమ్మిదో స్థానానికి జారాడు. కానీ అతని తండ్రి 1983లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన యానిక్ నోవా. ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందన్న దిగులు లేదు. తల్లి రెండు ఉద్యోగాలు చేస్తున్న ఇంటి కుర్రాడికి అదే సలహా ఇవ్వడం అన్యాయం. టిమ్ డంకన్ వేక్ ఫారెస్ట్‌లో నాలుగేళ్లూ పూర్తిచేసింది, చనిపోయిన తల్లికి డిగ్రీ పూర్తి చేస్తానని ఇచ్చిన మాట కోసం. 1997లో మొదటి స్థానంలో ఎంపికై ఐదు టైటిళ్లు గెలిచాడు. అలాంటి మాటకు లెక్కల్లో పద్దు లేదు. దాన్ని నేను తూకం వేయను.

ఇక మీ అసలు బాధ, డిగ్రీ. మన ఇళ్లలో ఈ ప్రశ్న ఎందుకంత బరువుగా ఉంటుందో నాకు తెలుసు. నేనూ ఆ ఇళ్లలోంచే వచ్చాను. కానీ ఇక్కడ మీ దిగులుకు ఆధారం తక్కువ. కాలేజీ ఎక్కడికీ పోదు. మైకేల్ జోర్డాన్ 1984లో మూడో ఏడాది తర్వాత వెళ్లిపోయి 1986లో భూగోళశాస్త్రంలో డిగ్రీ పూర్తిచేశాడు. షకీల్ ఓనీల్ 1992లో వెళ్లి 2000లో ముగించాడు. కరీ డిగ్రీ 2022లో పూర్తయింది, అప్పటికి మూడు టైటిళ్ల మనిషి. టొరాంటో జట్టు ఆటగాడు విన్స్ కార్టర్ అయితే 2001 మేలో పొద్దున నార్త్ కరొలైనాలో పట్టా వేడుకకు హాజరై, అదే రోజు ఫిలడెల్ఫియాలో సిరీస్‌ను తేల్చే ఏడో ఆట ఆడాడు. చివరి షాటు తప్పింది, ఒక్క పాయింటుతో ఓడారు. పట్టా వల్లే ఓడారని టొరాంటోలో ఇప్పటికీ తిట్టేవాళ్లున్నారు. చదువు ముప్పైలోనూ దొరుకుతుంది. మొదటి రౌండు స్థానం దొరకదు.

ఆగమని నేను చెప్పే సలహాలో కూడా ఒక ముల్లు ఉంది. ఎన్‌ఐఎల్ డబ్బును జీతంలా చూడకూడదు. చాలా సందర్భాల్లో కుర్రాణ్ని స్వతంత్ర వ్యాపారిగా లెక్కిస్తారు. చెక్కులో ఎవరూ పన్ను పట్టుకోరు. మొత్తం చేతికి వస్తుంది. ఆదాయపు పన్ను కాకుండా స్వయం ఉపాధి పన్ను 15.3 శాతం అదనం, దానికి పైపరిమితులున్నా సరే. ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, జనవరి నెలల్లో అంచనా పన్ను తానే కట్టుకోవాలి. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు ఒక చెప్పుల పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందులో సంతకాల కార్యక్రమాల రసీదులు, కారు కాగితాలు, తల్లికి కొన్న సోఫా బిల్లు, ఆదాయం నమోదైన 1099 కాగితాలు నాలుగైదు ఉన్నాయి. కవర్లు కూడా విప్పలేదు. బ్యాంకులో ఉన్నదాని కంటే కట్టాల్సింది ఎక్కువ తేలింది. కారు అమ్మించాం. ఒప్పందాలు కూడా చదివి సంతకం చేయాలి. భవిష్యత్తు వృత్తి సంపాదనలో వాటా రాయించుకునేవి ఉన్నాయి. ఏడాది మధ్యలో జట్టు మారితే డబ్బు తిరిగి ఇవ్వాలనేవి ఉన్నాయి. ఎన్‌బీఏ ఏజెంటుకు నాలుగు శాతం హద్దు ఉంటే, ఈ ఒప్పందాలు కుదిర్చే మనుషులు పది, ఇరవై శాతం అడుగుతున్నారు.

ఆ కుర్రాడు ఈ వసంతంలో చేయవలసింది చాలా మామూలు పని. ఏప్రిల్ చివరిలోగా డ్రాఫ్ట్‌కు పేరివ్వాలి. ఇచ్చినంత మాత్రాన వెళ్లిపోయినట్టు కాదు. ఎన్‌సీఏఏ గుర్తించిన ఏజెంటును పెట్టుకోవచ్చు. తిరిగి వస్తే ఆ ఒప్పందం రద్దు చేసుకుంటే చాలు. ఎన్‌బీఏ సలహా సంఘానికి దరఖాస్తు పెడితే ఎక్కడ ఎంపిక కావచ్చో రాతపూర్వకంగా చెబుతారు. మే నెలలో షికాగోలో జరిగే కంబైన్‌కు, అంటే జట్లు ఆటగాళ్లను పరీక్షించే శిబిరానికి, పిలుపు వస్తుందా లేదా అన్నదే సగం జవాబు. పిలుపు రాకపోతే మొదటి రౌండు ఆశ వదులుకోవచ్చు. మే చివర ఎన్‌సీఏఏ గడువు ముగిసేలోగా పేరు వెనక్కి తీసుకోవాలి. ఒక్క చిక్కు ఉంది. వేరే కాలేజీకి మారే పోర్టల్ గడువు ఏప్రిల్‌లోనే ముగుస్తుంది, డ్రాఫ్ట్ సంగతి తేలకముందే. అందుకే తెలివైనవాళ్లు రెండు పడవల మీదా కాళ్లు పెడుతున్నారు. యాక్సెల్ లెండెబోర్గ్ 2025లో అలాగే అలబామాలోని యూఏబీ విశ్వవిద్యాలయం నుంచి మిషిగన్‌కు మారే ఏర్పాటు చేసుకుని, డ్రాఫ్ట్ కూడా పరీక్షించి, మేలో వెనక్కి వచ్చి మిషిగన్‌లో చేరాడు.

ఈ గడువుల మధ్య జట్ల నుంచి వచ్చే మాటల్లో దేన్ని నమ్మాలి? ‘మాకు చాలా నచ్చావు’ అనేది మర్యాద. ‘27వ స్థానం మాది, నువ్వు అప్పటికి ఉంటే తీసుకుంటాం’ అనేది హామీకి దగ్గర. అది కూడా ఏజెంటు చెప్పగా విన్నదైతే సగం తీసేయాలి, ఎందుకంటే కుర్రాడు వెళితేనే ఏజెంటుకు నాలుగు శాతం. కోచ్ ‘ఆగు’ అన్నా సగం తీసేయాలి, ఎందుకంటే కుర్రాడు ఆగితేనే అతని సీజను. పక్కన ఎవరెవరు వస్తున్నారన్నది కూడా చూడాలి. మార్కస్ స్మార్ట్ 2013లో బలహీనమైన గుంపులో వెళ్లకుండా ఆగి, 2014లో గట్టి గుంపులో పడి ఆరో స్థానంలో తేలాడు.

మీ అమ్మాయి కూడా ఈ ఆట చూస్తుందని రాశారు కాబట్టి ఒక మాట. మహిళల ఆటలో 2025 దాకా లెక్క తలకిందులు. 2024లో మొదటి స్థానంలో ఎంపికైన కెయిట్లిన్ క్లార్క్ మొదటి ఏడాది లీగ్ జీతం 76,535 డాలర్లు. కాలేజీలో ఉండగానే ఆమె ప్రచార సంపాదన దానికి ఎన్నో రెట్లు. పేజ్ బెకర్స్ 2024లో వెళ్లే వీలున్నా యూకాన్‌లో ఇంకో ఏడాది ఉండి, 2025లో టైటిల్ గెలిచి మొదటి స్థానంలో డాలస్‌కు వెళ్లింది. అప్పట్లో అక్కడ ఆగడం వల్ల పోయేది తక్కువ.

ఇక మీ చిన్నబ్బాయి. హైస్కూలు జట్టులో బాగా ఆడుతున్నాడు, హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యులకిచ్చేది) మీద ఉన్నాడు అన్నారు. పైన చెప్పిన ఎన్‌ఐఎల్ కథంతా వాడికి నేరుగా వర్తించదు. హెచ్-4 పిల్లలకు పని చేసే అనుమతి లేదు. ఇరవై ఒకటి నిండితే ఆ వీసా కూడా పోయి ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారాలి. అందులోనూ బయటి సంపాదనకు కట్టుదిట్టమైన హద్దులున్నాయి. స్కాలర్‌షిప్‌కు అభ్యంతరం లేదు. ప్రకటనలో నటించి డబ్బు తీసుకుంటే వీసాకే ఎసరు. విదేశీ ఆటగాళ్లు కొందరు అమెరికా బయట, జట్టు పర్యటనలకు వెళ్లినప్పుడు, ఒప్పందాల పని ముగించుకున్న సందర్భాలున్నాయి. కానీ వలస చట్టాల న్యాయవాదిని అడగకుండా అటువైపు అడుగు వేయకండి. వృత్తి ఆటగాడైతే పీ-1 వీసాకు జట్టే దరఖాస్తు పెడుతుంది. అంటే మనవాడి లాంటి పిల్లలకు కాలేజీలో ఆగితే వచ్చే డబ్బు దాదాపు సున్నా, వెళితే వచ్చేది పూర్తి జీతం. పైన నేను గీసిన గోడ వాళ్లకు 30 దగ్గర కాకుండా ఇంకా కిందికి, మంచి టూ-వే కాంట్రాక్టు దాకా జరుగుతుంది.

మన దేశం నుంచి ఆ గోడ దాకా వెళ్లినవాడు ఒకడున్నాడు. పంజాబ్‌లోని బల్లో కే గ్రామం కుర్రాడు సత్నామ్ సింగ్ భమరా. పద్నాలుగేళ్ల వయసులో ఫ్లోరిడా అకాడమీకి వచ్చాడు. చదువు అర్హతలు అడ్డం రావడంతో కాలేజీ జట్టుకు ఆడే దారి తెరుచుకోలేదు. 2015లో డాలస్ అతన్ని 52వ స్థానంలో తీసుకుంది. భారతదేశంలో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు. ఎన్‌బీఏలో ఒక్క ఆట కూడా ఆడలేదు. డాలస్ అనుబంధ జట్టులో కొన్నాళ్లు ఉండి, తర్వాత కుస్తీ ప్రదర్శనల వైపు వెళ్లాడు. అతని దగ్గర ఏడడుగుల రెండంగుళాల ఎత్తు ఉంది, నేర్చుకోవడానికి కావలసిన కాలేజీ ఏళ్లు లేవు. కాబట్టి మీ చిన్నబ్బాయి విషయంలో ఇప్పుడు చూడవలసింది డ్రాఫ్ట్ కాదు. తొమ్మిదో తరగతి నుంచే ఎన్‌సీఏఏ అర్హతకు పదహారు ముఖ్య సబ్జెక్టుల మార్కులు లెక్కలోకి వస్తాయి. వాడి బడి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లి, ఇప్పుడు చదువుతున్న సబ్జెక్టుల్లో ఏవి ఆ జాబితాలో ఉన్నాయో కాగితం మీద రాయించుకుని రండి.